రేడియోగారి గాలిపెట్టె

ఆయనకు రేడియో అన్న పేరు రావడానికి రెండు కారణాలున్నాయి. కుర్రతనంలో రేడియోలు బాగుచేసేవాడన్నది మొదటిది. ఎవరూ మీట తిప్పకుండానే మోగుతాడన్నది రెండోది. రేడియోల కాలం ఎప్పుడో వెళ్ళిపోయింది. దుకాణం నిండా ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు తోడే చిన్న మోటార్లు. అయినా పేరు చెక్కుచెదరలేదంటే రెండో కారణం ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు.

దర్జీ కొట్టుకూ తాళాలు చేసేవాడి కొట్టుకూ మధ్య ఇరుక్కున్న దుకాణం అది. మిక్సీ ఇచ్చి వెళ్ళిపోదామని గుమ్మంలో నిలబడ్డ మనిషి, ఆ మిక్సీ వంశచరిత్ర మొత్తం విని గాని కదలలేడు. మోటారు ఎందుకు కాలుతుంది, కాలేముందు ఎలా మూలుగుతుంది, పోయినేడు ఇలాంటి మూలుగే విన్న ఒకావిడ దాన్ని పిల్లి అనుకుని మంచం కింద ఎలా వెతికింది, అన్నీ వినాలి. అలా చెబుతూ చెబుతూనే ఆయన చేతులు మోటారు విప్పి, అరిగిన బ్రష్షులు మార్చి, మళ్ళీ బిగించేసేవి. నోరొకరిది, చేతులొకరివి అన్నట్టుండేది చూసేవాళ్ళకు. చేతుల కోసం జనం నోటిని భరించేవారు. కొందరు నోటి కోసమే బాగున్న ఫ్యాను కూడా పట్టుకొచ్చేవారని దర్జీ అంటాడు గానీ, దర్జీ మాటలు సగానికి సగం కోసుకుని వినాలి.

ఆయన భార్య అందుకు పూర్తిగా తలకిందులు. రెండు వీధుల అవతల ఉన్న ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డుకు హెడ్ నర్సు. అందరూ సిస్టరమ్మ అంటారు. మాటలు కొలిచి ఇస్తుంది. "ఇంటికి వచ్చే మాటల వాటా మొత్తం ఆయనే వాడేస్తుంటే ఇక నాకేం మిగుల్తాయి?" అంటుంది ఎవరైనా అడిగితే. ఆమె వార్డులో నేల మీద దువ్వెన పడినా తల దువ్వుకోవచ్చని పేరు. చేతులు కడుక్కోనిదే ఎవరూ, పెద్ద డాక్టరుతో సహా, గాయం కట్టు ముట్టుకోకూడదు. కడుక్కోవడమంటే ఊరికే తడిపి దులుపుకోవడం కాదు, మోచేతుల దాకా, సబ్బుతో, ఆమె చూస్తుండగా.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"నా వార్డు మురికిగా ఉందట," అంది.

రేడియోగారు ఆ క్షణంలో ఒక ఇస్త్రీపెట్టె కథ మధ్యలో ఉన్నాడు. ఆపేశాడు. కథ మధ్యలో ఆయన ఆగడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి కావచ్చు.

సంగతి ఇది. కొంతకాలంగా ఆ వార్డులో గాయాలు మానే దారిలో పడినట్టే పడి, ఉన్నట్టుండి ఆకుపచ్చ చీము పడుతున్నాయి. మందులు మార్చారు, మనుషుల్ని మార్చారు, పరుపులు మార్చారు. ఫలితం లేదు. చివరికి పొయ్యి దగ్గర ముంజేయి కాల్చుకున్న రొట్టెలాయన ఒకడికి, తొడ మీది పల్చటి చర్మం తీసి చేతికి అతికిస్తే, అది కూడా పట్టకుండా ఊడి వచ్చేసింది. పెద్ద డాక్టరు మంచివాడే గానీ ఎన్నాళ్ళని ఊరుకుంటాడు? కారణం తేలకపోతే నెలాఖరుకి వార్డు మూసేస్తామన్నాడు. రోగుల్ని దూరపు ఆసుపత్రికి పంపుతారు. సిస్టరమ్మ మందుల గోదాములో కూర్చుని అట్టపెట్టెలు చూసుకోవాలి.

"అన్నీ పరీక్ష చేశాం మామయ్యా," అంది మేనకోడలు. సిస్టరమ్మ అన్నగారి కూతురు, ఆ ఆసుపత్రి ల్యాబులోనే పనిచేస్తుంది. ఇంట్లో అందరికీ అమ్మడు. "నేల, మంచాలు, కత్తెరలు, ట్రేలు, దుప్పట్లు. అత్తయ్య వార్డులో బ్యాక్టీరియాకి కూర్చోడానికి చోటు లేదు. ఇక మిగిలింది గాలి. గాలిని పరీక్షించే మిషను మన దగ్గర లేదు. కొనాలంటే వార్డు అమ్మాలి. అరువు అడిగితే మన వంతు వచ్చేసరికి వార్డే ఉండదు."

"ఆ మిషను ఏం చేస్తుందే?"

"గాలి పీలుస్తుంది. సన్న సన్న చిల్లుల్లోంచి లాగి, కింద గాజు పళ్ళెంలో ఉన్న జెల్లీ మీద కొడుతుంది. గాల్లో బ్యాక్టీరియా ఉంటే జెల్లీకి అతుక్కుపోతుంది. దాన్ని వెచ్చటి అలమరలో పెడితే, మర్నాటికి ఒక్కొక్కటి ఒక్కో చుక్కగా పెరుగుతుంది. చుక్కల్ని లెక్కపెట్టుకోవడమే."

"అంతేనా? పీల్చి కొట్టడానికి అంత ఖరీదా?"

"కొలత ప్రకారం పీల్చాలి మామయ్యా. నీకు తెలీదు."

తెలీదన్న మాటే చాలు. తెల్లారేసరికి కూర్చున్నాడు. పిండి డబ్బా మూతంత గుండ్రటి స్టీలు పెట్టె ఒకటి తీసుకున్నాడు. దర్జీని బతిమాలి, కుట్టుమిషను సూదితో పల్చటి రేకు మూతకు చిల్లులు పొడిపించాడు. ఆ తర్వాత దర్జీ విరిగిన సూదుల సంగతి ఎత్తినప్పుడల్లా రేడియోగారు మాట మార్చాడు. లోపల గాజు పళ్ళెం కూర్చోడానికి మూడు కాళ్ళ పీట. గాలి లాగడానికి కంప్యూటరు ఫ్యాను పెట్టి చూస్తే దానికి ఊపిరి చాలలేదు. వాక్యూమ్ క్లీనరు మోటారు పెడితే జెల్లీనే లేచి వచ్చింది. మధ్యరకం మోటారు ఏదా అని ఇల్లంతా కలియదిరిగి, స్నానాలగది అలమరలో కనిపించిన దాన్ని తీసుకొచ్చి, వేడి తీగ పీకేసి, వెనక గాలి లాగే మూతికి పెట్టెను బిగించాడు. సరిగ్గా సరిపోయింది.

అమ్మడు ల్యాబులోని గాలి కొలిచే గొట్టం తెచ్చి మీటరు పెట్టి చూసింది. రెండు చిల్లులు మూయించింది, మోటారు వేగం కాస్త తగ్గించింది, మళ్ళీ చూసింది. "పీలుస్తోంది మామయ్యా! లెక్క ప్రకారమే పీలుస్తోంది!" అని గంతేసింది. ఆ తర్వాత జాగ్రత్తలన్నీ వల్లె వేయించింది. మూత స్పిరిట్‌తో తుడవాలి. జెల్లీని వేలితో తాకకూడదు. వాసన చూడకూడదు. దాని మీద తుమ్మకూడదు, దగ్గకూడదు. మోటారు వదిలే గాలి దుమ్ము రేపకుండా గొట్టంతో కిటికీ బయటికి పంపాలి. రేడియోగారు బుద్ధిగా తలూపాడు.

మాట్లాడకూడదని మాత్రం అమ్మడు చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆయన్ని ఎరిగిన పిల్ల ఆ ఒక్కటీ మర్చిపోవడం ఏమిటో!

పరీక్ష రోజున అమ్మడికి వేరే పని మీద పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. రేడియోగారు ఒక్కడే సంచి భుజాన వేసుకుని వార్డుకు వెళ్ళాడు. పెద్ద డాక్టరు, నర్సులు చుట్టూ చేరారు. సంచిలోంచి స్టీలు పెట్టె తీశాడు. పెట్టె కింద నుంచి గులాబీరంగు పిడి ఒకటి బయటికి పొడుచుకొచ్చింది.

సిస్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "నా హెయిర్ డ్రయ్యరు!"

"నీదేలే. పరాయివాళ్ళదైతే దొంగతనం అవుతుంది కదా అని..."

"వారం నుంచి వెతుకుతున్నాను!"

పెద్ద డాక్టరు దగ్గు తెచ్చుకుని కిటికీ వైపు తిరిగాడు. చేతికట్టుతో మంచం మీద కూర్చున్న రొట్టెలాయన మాత్రం నవ్వు ఆపుకోలేదు. "ఏం సిస్టరమ్మా, వార్డుకి తలంటి పోశారా? ఆరబెడుతున్నారు?"

రేడియోగారు మీట నొక్కాడు. గాలిపెట్టె బుయ్యిమంది. ఇక ఆయన మొదలుపెట్టాడు. గాలి ఎక్కడ దూరుతుంది, ఎక్కడ కొట్టుకుంటుంది, దర్జీ సూది ఎన్నిసార్లు విరిగింది, వాక్యూమ్ మోటారు పెట్టినప్పుడు జెల్లీ లేచి ఆయన కళ్ళజోడుకు ఎలా అంటుకుంది. అందరికీ చిల్లులు చూపించాలని పెట్టె మీదికి వంగి మరీ చెప్పాడు. నర్సులు పగలబడి నవ్వారు. పెద్ద డాక్టరు కూడా నవ్వాడు. మోటారు ఆపేసరికి చప్పట్లు కొట్టారు. రేడియోగారి జీవితంలో అంత చక్కటి శ్రోతలు దొరకడం అరుదు.

మర్నాడు అమ్మడు ఇంకా రాలేదు. పెద్ద డాక్టరే ఆత్రం పట్టలేక ల్యాబుకు వెళ్ళి, వెచ్చటి అలమర తెరిచి పళ్ళెం చూశాడు. ఆవాలు జల్లినట్టు, ఖాళీ లేకుండా చుక్కలు.

వార్డుకు వచ్చి సిస్టరమ్మ ముందు ఆ పళ్ళెం ఎత్తి పట్టుకున్నాడు. "నేల మీద లేదన్నారు, మంచాల మీద లేదన్నారు. ఇదిగో, గాల్లో పంట పండుతోంది. మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ ఆగాను సిస్టర్. ఇక ఆగలేను. వారంలో మూసేద్దాం."

భార్య పరువు నిలబెడదామని చేసిన పెట్టె భార్యకే ఎదురుసాక్ష్యం చెప్పింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే వేరే ఏం కావాలి?

ఆ సాయంత్రం సిస్టరమ్మ ఏమీ అనలేదు. తక్కువ మాట్లాడే మనిషి మాట్లాడటం మానేస్తే తేడా తెలియదనుకుంటారు. తెలుస్తుంది. గిన్నెలు పెట్టే చప్పుడులో తెలుస్తుంది. తలుపు వేసే తీరులో తెలుస్తుంది. తడి తలను తువ్వాలుతో గట్టిగా, చాలాసేపు, ఆయన ఎదురుగానే తుడుచుకోవడంలో మరీ తెలుస్తుంది. రేడియోగారు ఆమెకు వినపడేలా గోడతో మాట్లాడాడు, గడియారంతో మాట్లాడాడు. ఎవరూ పలకలేదు.

ఊరి నుంచి తిరిగొచ్చిన అమ్మడు పళ్ళెం తీసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఆ తర్వాత నేరుగా ఇంటికొచ్చింది. ముఖం చూస్తే ఏడుస్తోందో నవ్వుతోందో తెలీడం లేదు.

"మామయ్యా, మిషను తిరుగుతున్నంతసేపూ నువ్వేం చేశావు?"

"చెప్పాను."

"ఎవరికి?"

"అందరికీ."

"ఎక్కడ నిలబడి?"

"మిషను మీదే. చిన్న చిల్లులు కదే, వంగకపోతే ఎలా కనిపిస్తాయి?"

అమ్మడు కుర్చీలో వెనక్కి వాలి పొట్ట పట్టుకుంది. "అత్తయ్యా! ఇలా రా! గాయాల్లో ఉన్నది ఆకుపచ్చది. ఈ పళ్ళెంలో అది ఒక్కటీ లేదు. ఇవన్నీ మనిషి నోట్లో, గొంతులో ఉండేవి. అందరికీ ఉంటాయి, ఏమీ చెయ్యవు. మాట్లాడితే తుంపర్లతో పాటు బయటికొస్తాయి. మామయ్యా, ఇందులో వార్డు లేదు. ఇదంతా నువ్వే! నీ ఉపన్యాసం మొత్తం ఇందులో అచ్చయింది."

రేడియోగారు కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెంలోకి చూశాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఎంత సిగ్గులోనూ పనివాడు పనివాడే. "అయితే మిషను పట్టిందన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "గాల్లో ఉన్నది ఉన్నట్టు పట్టింది!"

వంటింటి గుమ్మంలోంచి సిస్టరమ్మ గొంతు వినిపించింది. "పట్టింది. నన్ను పట్టించింది."

అవే ఆమె పలికిన మాటలు. అయినా పలికింది కదా, అదే పదివేలు అనుకున్నాడు.

అమ్మడు పెద్ద డాక్టరుకు సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. కానీ వారం గడువు మాత్రం మార్చలేదు. "మళ్ళీ చేయండి. ఈసారి నా ఎదుటే. వార్డు గాలి వార్డుదే అయి ఉండాలి, మీ మామయ్యది కాదు."

ఇక్కడ చిక్కు వచ్చింది. గాలిపెట్టె పక్కన మనిషి ఉండాలి. చేత్తో చేసిన మోటారు, మధ్యలో వేగం తగ్గితే సర్దాలి. ఆ పని రేడియోగారికే చేతనవును. అంటే ఆయన నోరు మూసుకుని నిలబడాలి. మాస్కు కట్టినా, లోపల మాటలు ఆడుతుంటే పక్కల నుంచి తన్నుకొస్తాయంది అమ్మడు. నువ్వుగింజ నానని నోరు, వార్డు నిండా జనం మధ్య, అంతసేపు ఆగుతుందా?

"ఇంట్లో సాధన చేద్దాం," అంది అమ్మడు. భోజనాల బల్ల మీద గాలిపెట్టె పెట్టింది. రేడియోగారిని ఎదురుగా నిలబెట్టి మాస్కు కట్టింది. మీట నొక్కింది. నొక్కి, ఆ అమ్మాయి అమాయకంగా ముఖం పెట్టి అంది కదా:

"అత్తయ్యా, మీ పెళ్ళిలో మైకు పాడైతే బాగుచేసింది ఎవరు? ఆ కరెంటు పనివాడే కదా?"

రేడియోగారి కనుబొమలు లేచాయి. పెళ్ళికొడుకు బట్టల్లో ఉండి, స్క్రూడ్రైవరు తెప్పించుకుని, పెళ్ళిపీట మీదే మైకు విప్పి బాగుచేసింది ఆయన. ఆ కథ విననివాళ్ళు ఆ వీధిలో పుట్టలేదు.

వంటింట్లో చప్పుడు ఆగింది. సిస్టరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఒక్కసారి మొగుడి వంక చూసింది.

"అవునే. కరెంటు పనివాడే," అంది తాపీగా. "మంచి పనివాడు. మీ మామయ్య పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకున్నారు."

రేడియోగారి మెడ నరాలు ఉబ్బాయి.

"టార్చి కూడా సరిగ్గా పట్టుకోలేదట కదా అత్తయ్యా?"

"వణికింది పాపం. కంగారు. మైకు లోపల పూలదండ దారం చుట్టుకుందని ఆ పనివాడే చెప్పాడు."

దారం కాదు! తెగిన తీగ! ఆయన చేతులు గాల్లో లేచాయి, తీగ ఎక్కడ తెగిందో వేళ్ళతో చూపించాయి, కాళ్ళు రెండడుగులు వెనక్కీ ముందుకీ వేశాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు. అమ్మడు మీట ఆపేవరకూ తెరవలేదు. ఆపిన మరుక్షణం "తీగా!" అని కేక పెట్టాడు. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

సిస్టరమ్మ నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. మర్నాడు పళ్ళెంలో అక్కడొకటి ఇక్కడొకటి తప్ప చుక్కలే లేవు.

వార్డులో రెండో పరీక్ష మొదలైంది. పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రేడియోగారు మాస్కు కట్టుకుని, ఒక్క మాట లేకుండా, మూల మూలకీ తిరిగి పళ్ళేలు మార్చాడు. రొట్టెలాయన ఊరుకుంటాడా? "ఏం రేడియోగారూ, ఇవాళ స్టేషను అందట్లేదా?" అన్నాడు. నర్సులు ముసిముసిగా నవ్వారు. ఆయన చలించలేదు.

మర్నాడు పళ్ళేలు చూశారు. కిటికీ పక్క, మంచాల మధ్య, గుమ్మం దగ్గర, అన్నిచోట్లా ఒకటీ అరా. పెద్ద డాక్టరు ఒక్కో పళ్ళేన్నీ దీపానికి ఎత్తి చూశాడు. "సిస్టర్," అన్నాడు, "మీ వార్డు మా ఇంటికంటే శుభ్రంగా ఉంది. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

వేరే ఎవరైనా అయితే అక్కడితో ఊపిరి పీల్చుకునేవారు. సిస్టరమ్మ పీల్చుకోలేదు. "మరి ఆ ఆకుపచ్చది ఎక్కణ్ణుంచి వస్తోంది డాక్టర్?" అంది. "అది తేలకుండా నా వార్డు తెరిచి ఉంచినా ఒకటే, మూసినా ఒకటే. ఈ రొట్టెలాయన చెయ్యి మళ్ళీ చెడితే?"

రొట్టెలాయన నవ్వడం మానేసి తన కట్టు వంక చూసుకున్నాడు. రెండోసారి చర్మం అతికించడం ఆ వారంలోనే జరగాలి. చెడితే మూడోసారికి చెయ్యి ఒప్పుకోదు.

"గాలి ఎప్పుడూ ఒకలా ఉండదు," అంది అమ్మడు. "వార్డు ఊరికే ఉన్నప్పుడు కాదు, పని జరుగుతున్నప్పుడు చూద్దాం." దుప్పట్లు దులిపేటప్పుడు పెట్టారు. కాస్త దుమ్ము, ఆకుపచ్చ లేదు. తెరలు లాగేటప్పుడు పెట్టారు. లేదు. చూడవచ్చినవాళ్ళు గుంపుగా ఉన్నప్పుడు పెట్టారు. గొంతు చుక్కలు బోలెడు, ఆకుపచ్చ లేదు. ఇక మిగిలింది కట్లు మార్చే గది.

చిన్న గది అది. మధ్యలో బల్ల, పక్కన కట్ల సామాను తోపుడుబల్ల, దాని వెనకే గోడకు తెల్లటి సింకు. వార్డుకు అందమైన సింకు ఒకటి కావాలని సిస్టరమ్మే పట్టుబట్టి, బల్లకు చేతికందే దూరంలో పెట్టించుకుంది. చేతులు కడగకుండా ఎవరూ తప్పించుకోకుండా ఉండాలని. రేడియోగారు తోపుడుబల్ల మీద గాలిపెట్టె పెట్టి మీట నొక్కాడు. రొట్టెలాయన వచ్చి బల్ల మీద చెయ్యి చాపాడు. సిస్టరమ్మ కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా, సబ్బుతో. తర్వాత చిన్న నర్సు. తర్వాత పెద్ద డాక్టరు.

మాట్లాడే పని లేని మనిషికి చూడటం తప్ప వేరే పనేముంటుంది? పెట్టె మూత తళతళలాడే రేకు. ఆ మెరుపు మసకబారినట్టు అనిపించింది రేడియోగారికి. వంగి చూశాడు. మూత అంచున సన్నటి తేమ, ఊపిరి వదిలిన అద్దంలా. తన ఊపిరేనేమోనని బెదిరి వెనక్కి జరిగాడు. స్పిరిట్ గుడ్డతో అంచు తుడిచాడు. చిన్న నర్సు కడుక్కుంటుండగా మళ్ళీ తేమ. కుళాయి వంక చూశాడు. నీటి ధార నేరుగా సింకు కన్నంలోకే పడుతోంది. కన్నంలోంచి కంటికి కనీకనపడని పొగలాంటి తుంపర పైకి లేస్తోంది.

చెప్పాలి. చెప్పకూడదు. కుడిచేత్తో కుళాయి చూపించాడు, ఎడమచేత్తో నీళ్ళు పడుతున్నట్టు వేళ్ళాడించాడు, రెండు కాళ్ళ మీదా మార్చి మార్చి ఊగాడు, కళ్ళు పెద్దవి చేసి అందరినీ చూశాడు.

చిన్న నర్సు సిగ్గుపడి తల తిప్పుకుంది.

"పాపం, వదిలెయ్యండి డాక్టరుగారూ," అన్నాడు రొట్టెలాయన జాలిగా. "పెద్దాయన అంతసేపు ఎలా ఆపుకుంటాడు?"

"బాత్రూము కుడిపక్కన రేడియోగారూ," అన్నాడు పెద్ద డాక్టరు గౌరవంగా. "మేము చూసుకుంటాం, వెళ్ళండి."

రేడియోగారు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కుళాయి చూపించాడు. మళ్ళీ ఊగాడు. వాళ్ళకి ఇంకా నమ్మకం కుదిరింది. చివరికి సిస్టరమ్మే ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. ఇన్నేళ్ళూ ఆయన మాటలు సగం వినకుండానే ఆయన సంగతి గ్రహించిన మనిషి. చూపు కుళాయి మీదికి తిప్పింది. పెట్టె మూత మీదికి తిప్పింది. వేలితో ఆ తేమను తాకబోయి, ఆగిపోయింది.

"కుళాయి కట్టెయ్యండి," అంది.

మర్నాడు ల్యాబులో అమ్మడు పళ్ళెం బయటికి తీయగానే, మూత తీయకముందే, గదిలో ద్రాక్షపళ్ళ వాసన వచ్చింది. తీపి వాసన, కానీ అది గాయాల్లోని ఆకుపచ్చ బ్యాక్టీరియాదేనని అమ్మడికి తెలుసు. జెల్లీ అంతా ఆకుపచ్చ. అనుమానం మిగలకుండా కుళాయి కట్టేసి ఒకసారి, తిప్పి ఒకసారి మళ్ళీ పరీక్షించారు. కట్టేస్తే ఖాళీ. తిప్పితే పచ్చ. సింకు కింద గొట్టం వంపులో బురదలా పేరుకుని, హాయిగా కాపురం పెట్టుకుందది. కడుక్కున్న ప్రతిసారీ ధార కన్నంలో పడటం, తుంపర లేవటం, పక్కనే విప్పి పెట్టిన గాయం మీద వాలటం.

మీటింగు గదిలో పెద్ద డాక్టరు ఈ సంగతి ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకుంటుంటే, సిస్టరమ్మే లేచి నిలబడింది.

"సింకు అక్కడ పెట్టించింది నేను. మోచేతుల దాకా కడగాలని రూలు పెట్టింది నేను. ఎంత బాగా కడిగితే అంత లేచింది. కంచే చేను మేసింది." అంతమంది ముందు అన్ని మాటలు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "కడగడం మానం. కడిగే చోటు మారుద్దాం. ఇవాళే మారుద్దాం."

పెద్ద డాక్టరు లేచి నిలబడ్డాడు. "తెలీక జరిగింది సిస్టర్. మీరు పట్టుబట్టి అడగకపోతే, వార్డు శుభ్రంగా ఉందని సంతోషించి నేను ఇంటికి పోయేవాణ్ణి. అప్పుడు ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ మధ్యాహ్నమే గోడలు పగిలాయి. అందమైన సింకు గొట్టంతో సహా పెకలించారు. లోతైన కొత్త సింకు గది బయట నడవలో పెట్టారు. ధార కన్నంలో కాకుండా పక్క వాలు మీద పడేలా కుళాయి మూతి తిప్పి బిగించారు. కుళాయిల పనివాడు బిగిస్తున్నంతసేపూ రేడియోగారు పక్కనే నిలబడి, నాలుగు రోజులుగా కడుపులో దాచుకున్న మాటలన్నీ అతని నెత్తిన కుమ్మరించాడు. పనివాడు పాపం పారిపోలేడు, కాలు సింకు కింద ఇరుక్కుని ఉంది.

తర్వాతి పరీక్షకు ఆసుపత్రిలో సగం మంది చేరారు. వెచ్చటి అలమర నుంచి పళ్ళెం తీసి అమ్మడు పెద్ద డాక్టరు చేతికిచ్చింది. ఆయన దీపం వైపు ఎత్తాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏమీ లేదు," అన్నాడు.

అంతే, చప్పట్లు మారుమోగాయి. ఖాళీ పళ్ళెం చూసి జనం అంత సంబరపడటం ఆ ఆసుపత్రి గోడలు ఎరగవు. పై అంతస్తు పురిటి వార్డు డాక్టరమ్మ అక్కడికక్కడే రేడియోగారి చెయ్యి పట్టుకుంది. "నాకొకటి చేసివ్వండి. ఇవాళే. డ్రయ్యరు నాదే ఇస్తాను." మరో రెండు ఆసుపత్రుల నుంచి కబురొచ్చింది. వీధిలో పాత హెయిర్ డ్రయ్యర్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. దర్జీ అయితే మూతలకు చిల్లులు పొడిచి పొడిచి, చొక్కాలు కుట్టడం మర్చిపోతున్నానని గర్వంగా ఫిర్యాదు చేశాడు. అమ్మడు ప్రతి పెట్టెకూ మీటరు పెట్టి, లెక్క సరిపోతే గాని గడప దాటనివ్వలేదు. సిస్టరమ్మకు కొత్త డ్రయ్యరు వచ్చింది. అది స్నానాలగది అలమరలో కాదు, ఆమె బీరువాలో, తాళం వేసి ఉంటుంది.

రొట్టెలాయనకు రెండోసారి చర్మం అతికించారు. కట్టు విప్పే రోజు వచ్చింది. సిస్టరమ్మ నడవలో మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చింది. పెద్ద డాక్టరు, అమ్మడు, గుమ్మం బయట మాస్కుతో రేడియోగారు. సిస్టరమ్మ కట్టు ఒక్కొక్క చుట్టూ విప్పసాగింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదండీ," అన్నాడు రొట్టెలాయన. నవ్వించాలని అన్నాడు గానీ కళ్ళు కట్టు మీదే ఉన్నాయి.

చివరి పొర తడిపి, నెమ్మదిగా ఎత్తింది. లోపల పచ్చ లేదు, చీము లేదు. లేత గులాబీ రంగులో, పసిపిల్ల బుగ్గలా, అతికిన చర్మం అతికినట్టే ఉంది. పెద్ద డాక్టరు చేతిదొడుగు వేసుకున్న వేలితో అంచు మెల్లగా నొక్కి చూశాడు. కదల్లేదు.

"పట్టింది," అన్నాడు.

రొట్టెలాయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి పిండి పిసికిన చెయ్యి. వేళ్ళు ఒకటొకటిగా ముడిచాడు, చాపాడు. ఏమైనా అందామని నోరు తెరిచి, ఏడ్చేశాడు.

పెద్ద డాక్టరు చేతిదొడుగు తీసేశాడు. "సిస్టర్, దూరపు ఆసుపత్రికి పంపిద్దామనుకున్న కొత్త రోగులందరినీ ఇక్కడికే రమ్మంటున్నాను. ఖాళీ మంచాలకి దుప్పట్లు వేయించండి."

సిస్టరమ్మ కొత్త కట్టు చుట్టడం ఆపకుండానే జవాబిచ్చింది.

"పొద్దున్నే వేయించాను డాక్టర్."